ఉరుముపోతు ఎత్తిన పెళ్లిగంప

కురువిందపురం తూర్పు గుమ్మం దాటే పరదేశికి మొదట కనిపించేది రాజముద్ర కాదు, ఒక రాకాసి ముఖం. ఎర్రరాతి ద్వారబంధానికి ఇరువైపులా, తామరపూలు ఉండవలసిన చోట, దున్నపోతు తలా మొసలి తోకా గల ఒక వికృతరూపాన్ని శిల్పులు అతిశ్రద్ధగా చెక్కారు. దాని కన్నులలో కెంపులు పొదిగారు. దాని మూపు మీద పిచ్చుకలు గూళ్లు పెట్టుకున్నాయి. ఆ రాకాసి పేరు ఉరుముపోతు.

గుమ్మం దాటి అంగడివీధిలోకి వస్తే దానినుండి తప్పించుకునే దారి లేదు. మిఠాయి కొట్లలో బెల్లపు అచ్చులన్నీ ఉరుముపోతులే. పిల్లలు ముందు కొమ్ములు కొరికి, తోకను చివరికి దాచుకుంటారు. కుమ్మరులు చేసే మట్టి ఈలను తోక దగ్గర ఊదితే ముట్టెలోంచి మోత వస్తుంది. మల్లులు దండల మీద దాని రూపాన్ని పచ్చబొట్టు పొడిపించుకుంటారు. తోలుబొమ్మలాటలో అది నత్తిగా మాట్లాడుతుంది, బురదలో జారిపడుతుంది, గయ్యాళి భార్య చేత చీపురుదెబ్బలు తింటుంది. అది తెర మీదికి రాకపోతే జనం బొమ్మలాటవాళ్ల మీద మట్టిబెడ్డలు విసురుతారు. మబ్బు గర్జిస్తే తల్లులు బిడ్డలను జోకొడుతూ, "మామ దగ్గాడు, పడుకో" అంటారు. ఆ దేశంలో తిరుగులేని ప్రమాణం "మామ మీద ఒట్టు."

ఒకనాడు ఈ మామ మనుషులను తినేవాడు. తాతల తాతల కాలంలో, ధవళానది పొంగినప్పుడల్లా కొండచరియల నడుమనున్న ఉరుముగుండం నుండి లేచి, అది రేవులన్నీ ఖాళీ చేసేదట. ఒక ఉదయం చాకిరేవులో దాని నీడ మీద పడినప్పుడు, పారిపోవడానికి కాళ్లు రాని ఒక చిన్నపిల్ల, ఇంట్లో దెబ్బలు తప్పించుకోవడానికి రోజూ వేసే కేకే వేసింది: "మామా!" తెరిచిన నోరు మూతపడింది. వరస కలిపినదాన్ని తినడం ఎలాగో రాకాసికి తెలియలేదు. అది వచ్చిన దారినే వెనక్కి వెళ్లి గుండంలో పడుకుని నిద్రపోయింది.

ఈ కథ ఎంతవరకు నిజమో ఆ దేశపు పండితులు తేల్చలేదు. తేల్చాలన్న తొందరా వారికి లేదు. సైన్యాలు చంపలేని భయాన్ని ఒక్క సంబోధనతో చుట్టాన్ని చేసుకున్న జాతి, ఆ చుట్టరికాన్ని నిలుపుకోవడానికి ఎంతదూరమైనా వెళుతుంది. కాబట్టే కురువిందపురంలో మేనమామ లేని పెళ్లికూతురు ఉండదు. తల్లికి తోబుట్టువులు లేకపోతే, కొమ్ముల ముఖం తొడుక్కున్న మనిషి ఒకడు వచ్చి, ఆమెను వెదురుగంపలో కూర్చోబెట్టుకుని మండపానికి మోసుకువెళతాడు. ఉరుముపోతే ఆమెకు మేనమామ.

ఆ ప్రేమే ఇప్పుడు వారి మెడకు ఉరి అయింది.

నెల కిందట ఉరుముపోతు నిద్రలేచింది. ధవళానది కొండల్లోంచి దిగే సందులో అడ్డంగా పడుకుని నీటిచుక్క కిందికి రాకుండా ఆపింది. కాలువలు ఎండాయి, ఏనుగులు బురద తాగాయి. అప్పుడది రథచక్రం రాతి మీద ఒరిసినట్టున్న గొంతుతో మాట్లాడింది: "మామా మామా అని తరతరాలుగా పిలిచారు. మేనకోడలి మీద మేనమామకు హక్కు లేదా? రాజు కూతురికి మేనమామ లేడు, నేనే మేనమామను. నెల తిరిగేలోగా పెళ్లికూతుర్ని చేసి పంపండి. తాళి కట్టిన మరుక్షణం నీరు వదులుతాను."

సుమేధవర్మ మహారాజు కొలువులో ధర్మశాస్త్రాలన్నీ తిరగేశారు. మేనరికం ఆ దేశంలో చెల్లుతుంది. ఆ పిలుపు తమదే. ఒప్పుకోక తప్పలేదు.

అది ఉరుముపోతు గొంతు కాదని ఆ నగరంలో ముగ్గురికే తెలుసు. శ్వేతాచల రాకుమారుడు చిత్రభానుడు పగటివేషగాడిగా మారి కొండల్లో తిరుగుతూ, కరాళజిహ్వుడనే మరుభూమి మాంత్రికుడి గుహలో నక్కి, అతడు తన శిష్యులతో చెబుతుండగా విన్నాడు. నిద్రిస్తున్న రాకాసి నడినెత్తిన మాంత్రికుడు ఒక మంత్రపు మేకు దిగగొట్టాడు. ఆనాటినుండి దాని నాలుక మీద ఆడే మాటలు అతడివే. పోతు పేరిట తాళి పడితే, రాకుమార్తె వెంట రాజ్యమూ అతడి చేతికి వస్తుంది. చిత్రభానుడు ఈ సంగతి ఇద్దరికే చెప్పాడు: ఒకరు తన అనుచరుడు దుందుభి, రెండవవారు రాకుమార్తె వకుళమాల. కొలువులో చెబితే ఆ నిమిషంలోనే కొండకు వార్త చేరుతుందని వారికి అనుమానం. వసంతోత్సవంలో అతడి వేషం వెనుకనున్న మనిషిని గుర్తుపట్టి, "ఈ ముఖం తీసేశాక కూడా ఇలాగే నవ్వుతారా?" అని అడిగిన నాటినుండి వకుళమాల మనస్సు అతనిది, అతని మనస్సు ఆమెది. రాజ్యం ఈ ఆపదలో ఉన్నందున ఆ మాట ఇంకా రాజుగారి చెవిని వేయలేదు.

గడువు నాటి ఉదయం, అంతఃపురపు వసారాలో వకుళమాల ఒంటినిండా పసుపుతో పీట మీద కూర్చుని ఉంది. చెలికత్తెలు కొత్త వెదురుగంపకు పసుపు రాస్తున్నారు. ఆమె వారిని అవతలికి పంపి చిత్రభానుడి వైపు తిరిగింది.

"శాస్త్రాలన్నీ చూశారు. మా అంతఃపురపు పెళ్లిపాటలు ఒక్కరూ వినలేదు," అంది. "గంప ఎత్తిన భుజం తాళి కట్టదు. మేనకోడల్ని తానే చేసుకోదలచిన మామ గంప ముట్టడు, వేరొకరి చేత మోయిస్తాడు. ఎత్తాడో, ఆ పిల్ల అతనికి కూతురితో సమానం. ఇది మా దేశంలో పసిపిల్లకు కూడా తెలుసు."

"అయితే పోతు చేత గంప ఎత్తించాలి," అన్నాడు చిత్రభానుడు.

"అంతే."

"అది వినడానికి అంతేలాగే ఉందమ్మా," అన్నాడు దుందుభి. పేరుకు దుందుభి గాని అతడి గొంతు దోమపాటలా ఉండేది. "ఎత్తమని ఎవరడుగుతారు? అడిగినవాడి తల ఎవరు ఏరుకుంటారు?"

"వేషగాడు అడుగుతాడు. మామ లేని పెళ్లికి కొమ్ముల ముఖం వెంట రావాలిగా? రాకుమారులవారు అదే వేషంలో నా బండి పక్కన నడుస్తారు."

దుందుభి తల గోక్కున్నాడు. "ఆ వేషగాడే కదమ్మా మామూలుగా గంప మోసేది? పొరబాటున ప్రభువులవారి చెయ్యి పడిందో, పోతుతో పాటు వీరూ మీకు మేనమామలే. పెళ్లిపందిట్లో అక్షింతలు వేసి ఇంటికి పోవలసిందే!"

వకుళమాల నవ్వలేదు. "అందుకే గంపను ఆడవాళ్లు బండెక్కిస్తారు. ఆడవాళ్లు ఎత్తితే లెక్కలేదు. మీరు మాత్రం..." అని చిత్రభానుడి చేతుల వైపు చూసింది.

చిత్రభానుడు తన నడికట్టు విప్పి దుందుభికి అందించాడు. "నా చేతులు వెనక్కి కట్టు."

"గట్టిగానా, మర్యాదగానా ప్రభూ?"

"చూసేవారికి వేషంలో భాగం అనిపించేటట్టు."

నగరం నగరమంతా బండి వెంట కదిలింది. ఎండిన నది గర్భంలో తెల్లని గులకరాళ్లు ఎముకల్లా మెరుస్తున్నాయి. ఇరుపక్కల నల్లని కొండచరియలు, వాటి మీద ఎండవేడికి ముడుచుకున్న మోదుగులు. చరియల చివర, ఆకాశమే చీలిందా అన్నట్టున్న సందులో, నది పుట్టిన నాటినుండి ఎవరూ చూడని దృశ్యం: గోడలా నిలిచిపోయిన నీరు, ఆ నీటికి గట్టులా ఉరుముపోతు వీపు. నాచు పట్టిన ఆ వీపు మీద తుమ్మలు మొలిచాయి. కొమ్ముల మధ్య ఒక పల్లె పట్టేంత చోటుంది. బెల్లపు అచ్చులు చూసి పెరిగిన జనం మొట్టమొదటిసారి దాని ఎదుట, చరియల మీద నిలబడి, తాము ఇన్నేళ్లూ కొరికి తిన్నది దేన్నో గ్రహించారు. ఎవరో ముసలమ్మ చేతులు జోడించి, "ఎంత చిక్కిపోయావయ్యా మామా," అంది.

పోతు తల ఎత్తింది. నెత్తి మీద, ముడతల మధ్య, నల్లని మేకు తలకాయ తళుక్కుమంది.

"పిల్లను దించండి," అంది రథచక్రపు గొంతు. మాట ముగిసిన తరువాత కూడా దవడలు ఆడుతూనే ఉన్నాయి. ఆ రెండూ ఒకదానితో ఒకటి కలవలేదు.

చిత్రభానుడు కొమ్ముల ముఖాన్ని సవరించుకున్న ఠీవితో మెడ తిప్పి ముందుకు వచ్చాడు. వేషగాడి గొంతు పెద్దది చేశాడు.

"దించడమేమిటి మామా? పెళ్లికూతురు నేల మీద కాలు పెట్టి నడిచి వస్తుందా? మీ ఇంట్లో అలాగే చేస్తారా? చెల్లెలి కూతురికి గంప ఎత్తే ఓపిక లేని మామ, చీరెలేం పెడతావు, సారెలేం పెడతావు?"

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. భయంలో పుట్టిన నవ్వు త్వరగా అంటుకుంటుంది.

"గంప నాకెందుకు?" అంది గొంతు. "పిల్ల దిగి రావాలి."

"చూశారా అమ్మలక్కలూ! కొండలు మోసిన మామకు కోడలు బరువైందట!"

ఆడవాళ్లకు అంతకన్నా చెప్పవలసింది ఏముంది? ప్రతి పెళ్లిలోనూ మామను ఏడిపిస్తూ పాడే పాట అది. ముందు ముసలమ్మ ఎత్తుకుంది. ఆ తరువాత చరియలు చరియలన్నీ పాడాయి:

*బరువంటివా మామ బంగారు కోడలు?*
*బెదిరితివా మామ పిడికెడు కోడలు?*
*కొమ్ములున్న మామ గుంజీలు తీయడా?*
*గంపెత్తమంటేను గుండంలో దాగడా?*

ఉరుముపోతు చెవులు నిక్కాయి.

ఎన్ని తరాల పెళ్లిళ్లు జరిగాయి ఆ నది ఒడ్డున! ఎన్నిసార్లు ఈ పాట నీళ్ల మీదుగా ఎగదన్ని, నిద్రలో ఉన్న ఆ చెవుల్లో పడి ఉంటుంది! మనుషులు దానిని గురించి పాడుకున్నామనుకున్నారు. అది అంతకాలమూ వింటూనే ఉంది. తనను భయపెట్టేదిగా పుట్టించిన అడవిని అది మరిచిపోయింది గాని, తనను ఎగతాళి చేసిన ఇళ్లను మరిచిపోలేదు.

"వద్దు," అంది గొంతు. "గంప ముట్టను. పిల్ల దిగాలి!"

నోరు వద్దంటూనే ఉంది, మెడ వంగుతూనే ఉంది. మేకు నాలుకను కట్టింది గాని మూపును కట్టలేదు. ముట్టె బండి దాకా వచ్చింది. వెచ్చని ఊపిరికి వకుళమాల బాసికం అల్లాడింది. ఆమె గంప అంచులు గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకోకుండా కూర్చుంది. కొమ్ముల కొనలు, పూలు కోస్తున్నంత మెల్లగా, గంప కిందికి వెళ్లాయి. గంప లేచింది.

రాజుగారి వృద్ధమంత్రి, రాత్రంతా శాస్త్రాలతో కళ్లు కాయలు కాచిన మనిషి, ఉన్నట్టుండి చిన్నపిల్లవాడిలా గంతేశాడు. "ఎత్తాడు! గంప ఎత్తిన భుజం తాళి కట్టదు! మహాజనులారా, సాక్ష్యం! మామ మామగానే మిగిలాడు!"

కొండలు పగిలేటంతటి కేక లేచింది. దుందుభి ఎవరో కొత్తమనిషిని కావలించుకుని ఏడ్చాడు. చిత్రభానుడు ముఖం వెనుక నవ్వాడు.

అదే క్షణంలో చరియ మీద, మోదుగుల చాటున, జటలు విరబోసుకుని కరాళజిహ్వుడు లేచి నిలబడ్డాడు. అతడి చేతిలో మరొక మేకు ఉంది, పోతు నెత్తిన దిగినదానికి కవల. అతడు దానిని పక్కనున్న అగ్నికుండంలో గుచ్చి మెలితిప్పాడు.

ఉరుముపోతు అరిచింది. అంతవరకు వినపడిన గొంతు కాదది. తల్లి పోయిన దూడ అరుపు. కాళ్లు తడబడ్డాయి, తల ఒక పక్కకు విరుచుకుంది, గంప కొమ్ముల నుండి జారింది. కింద బండలు, కోరల్లా నిలిచిన బండలు.

నడికట్టు ఎప్పుడు వీడిందో చిత్రభానుడికి తెలియదు. మర్యాదగా కట్టిన ముడి కాబట్టి వీడిందని తరువాత దుందుభి ఎన్నోసార్లు తల కొట్టుకున్నాడు. రాయి మీద నుండి రాయి మీదికి మూడు దూకులు, చాచిన చేతులు, భుజం మీద పిడుగులా పడిన బరువు. మోకాళ్లు రాతికి తగిలి చిట్లాయి. గంప మాత్రం నేల తాకలేదు.

జనానికి కనిపించింది ఒక్కటే: కొమ్ముల ముఖం, దాని భుజం మీద పెళ్లిగంప. "మామ పట్టాడు! మామ పట్టాడు!" అని వారు వెర్రిగా జేజేలు కొట్టారు. ఆ జేజేలలో దుందుభి గొంతు లేదు. అతడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చతికిలపడ్డాడు.

గంపలో వకుళమాల కదల్లేదు. ఆమె ముఖం అతనికి కనిపించదు. ఆమె చెయ్యి మాత్రం అంచు మీద నుండి జారి అతని భుజం దగ్గర ఆగింది. తాకకుండానే ఆగింది.

"నన్ను వదిలేసి ఉండవలసింది," అంది చాలా మెల్లగా.

"నీ ప్రాణం కన్నా..."

"తెలుసు. అందుకే అన్నాను." ఆమె ఊపిరి పీల్చుకుంది. "ఇప్పుడు దించండి. అటు వినండి, ఆ మేకు ఇంకా ఊడలేదు. మనల్ని కాపాడబోయి దెబ్బతిన్నదది. మనవాళ్లు అంత కష్టంలో ఉంటే మనం గంపల గురించి మాట్లాడుకుంటామా?"

అతడు గంపను ఎత్తైన బండ మీద దించాడు. కొమ్ముల ముఖం తీయకుండానే పరిగెత్తాడు. బాధతో తల నేలకేసి కొట్టుకుంటున్న ఉరుముపోతుకు, నురగలోంచి తన ముఖమే తన మీదికి రావడం కనిపించింది. అది ఒక్క క్షణం నిశ్చేష్టమైంది. ఆ క్షణం చాలు. తుమ్మకొమ్మ పట్టుకుని మెడ ఎక్కాడు, నాచు మీద జారాడు, మళ్లీ ఎక్కాడు. మేకు కొలిమిలోంచి తీసినట్టు ఎర్రగా ఉంది. రెండు చేతులతో పట్టి లాగాడు. చర్మం కాలిన వాసన. కాళ్లు తన్నిపెట్టి, పళ్లు బిగించి మరొకసారి లాగాడు.

మేకు ఊడింది. ఊడిన వేగానికి అతడు వెల్లకిల పడి, దొర్లి, వకుళమాల గంప ముందు వచ్చి ఆగాడు.

ఉరుముపోతు మెల్లగా పక్కకు జరిగింది. ధవళానది ఒక్క పెట్టున తల ఎత్తి, తెల్లని జూలు విదిలించి, ఎండిన గర్భంలోకి దూకింది. చరియల మీద జనం ఏడుస్తూ నవ్వుతూ నీళ్లకు ఎదురువెళ్లారు. మోదుగుల చాటున కరాళజిహ్వుడు కనిపించలేదు. అగ్నికుండం మాత్రం ఇంకా మండుతోంది.

"అయిపోయింది," అంటూ వకుళమాల గంపలోంచి లేవబోయింది. "మీ చెయ్యి చూపించండి."

చిత్రభానుడు అరచేయి తెరిచాడు. మేకు మొన అరచేతిలో గుచ్చుకుని, అటువైపు నుండి బయటికి వచ్చి ఉంది. నెత్తురు దాని ఒంటిని చుట్టుకుంటోంది, దాని ఒళ్లు ఆ నెత్తురును తాగుతోంది. మంత్రపు మేకుకు కావలసింది రక్తం. అది పోతుదైనా మనిషిదైనా దానికి ఒకటే.

'వకుళా, దగ్గరికి రాకు' అని చెప్పబోయాడు.

అతడి నోరు తెరుచుకుంది. వచ్చింది అతడి గొంతు కాదు. రథచక్రం రాతి మీద ఒరిసినట్టున్న గొంతు.

"దిగి రా పిల్లా," అంది అది, అతడి పెదవులతో చిరునవ్వు నవ్వుతూ. "పోతు కాకపోతే రాకుమారుడు. నాకు ఏ నోరైనా ఒకటే."

అతడి చెయ్యి, ఇందాక ఆమెను మోసిన చెయ్యే, ఆమె మెడ వైపు చాచుకుంది. కొమ్ముల ముఖపు రంధ్రాలలోంచి చూస్తున్న కన్నులు మాత్రం ఇంకా చిత్రభానుడివే. అవి పారిపొమ్మని బతిమాలుతున్నాయి.

వకుళమాల గంపలోనే నిలబడిపోయింది.

అప్పుడు వెనుకనున్న కొండ కదిలినట్టయింది. ఎండ మరుగైంది. నత్తిగా, బరువుగా, ఏ మంత్రమూ అరువివ్వని ఒక కొత్త గొంతు, ఒక్కొక్క మాటనూ నీటి అడుగునుండి రాయిలా పైకి తెచ్చుకుంటూ పలికింది.

"అ... అమ్మాయీ. గంప... దిగకు."

చిత్రభానుడి మీదికి కొమ్ములు వంచి, మామ తన మేనకోడలికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.